పల్లేరుకాయలు

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో
నాది డీటీపీ సెంటరు. పదడుగుల కొట్టు.
నెలకోసారి సీపీయూ మూత ఇప్పి
ఫ్యానుకు చుట్టుకున్న పత్తిపీచు లాగితే
దీపానికి రెండు వత్తులవుతాది.
లాప్‌టాపు కొనమంటారు అందరూ.
నాకొద్దు.
మూత ఇప్పి చూడలేని మిషన్ను
నాదని ఎట్లనుకోవాల?

పదకొండేండ్లు దొంగ సీడీతోనే నడిపినా.
పెండ్లి పత్రికలు, బోరుబావి అర్జీలు,
చచ్చినోళ్ళ ఫోటో కింద తేదీలు,
అన్నీ దాంట్లోనే.
లైసెన్సు కాగితం అడగను ఎవరో వస్తాండారని
బజార్లో పుకారు లేస్తే
షట్టరు సగం దించి
సగం వెలుతుర్లో అచ్చరాలు కొట్టినా.

ఒక మధ్యాహ్నం పాలిటెక్నిక్ పిల్ల నాగవేణి
పెన్‌డ్రైవు గుచ్చి లినక్సు ఎక్కించింది.
"దీనికి దుడ్డెంత పాపా?"
"దుడ్డు లేదు మామా."
"మరి ఎవురిది?"
"ఎవురిదీ కాదు. నీది గూడా."
నమ్మలా.
మా ఊర్లో ఊరకే వచ్చేది ఎండ ఒకటే.

మెనూ తెలుగులో తెరిస్తే
మొదటి మాటే "దస్త్రం".
మా జేజినాయన ఎర్రగుడ్డలో మూటగట్టి
కచేరీకి ఎత్తుకుపోయిన మాట.
ఆయప్పతోనే పోయిందనుకున్నా.
ఈడుండాది.

ఆ కొత్త ఫాంటులో ఒక్క అచ్చరం ఇరిగింది.
"లక్ష్మి" అని కొడితే
మ వత్తు జారి పక్కన పడేది.
పెండ్లికూతురి పేరే అది, పత్రిక రేపటికి కావాల.
నాగవేణి ఆ తప్పు రాసి పంపించింది, నా కొట్టు పేరు మీద.
నెలన్నరకు దిద్దుకొని వచ్చింది.
(ఆ పెండ్లి పత్రిక చేత్తోనే దిద్దినా, మున్నూరు కాపీలు.)
యాడుంటాడో, ఏం భాష మాట్లాడతాడో,
ఒకడు మా ఆదోని లక్ష్మికి కాలు అతికించినాడు.

ఉగ్గాని మాదిరేలే అనుకున్నా.
ఎవురు చేసినా ఉగ్గానే, ఎవురినీ అడగబన్లేదు.
ఉప్పు తక్కువైతే పక్కింటామె చెప్తాది.
ఇదంతా కొట్టుకు వచ్చినోళ్ళకల్లా చెప్తా.
గంటసేపు.

మొన్న శనివారం ఉరుకుందప్ప వచ్చినాడు,
పెద్దకడుబూరు దిక్కు, మూడెకరాల పత్తి.
ఫోను నా చేతికిచ్చి "సదువు సామీ" అన్నాడు.
రెండొందల పద్నాలుగు మెసేజీలు.
లోను పాసైంది. రమ్మీ ఆడు.
బైపాసు పక్కన ప్లాట్లు, రిజిస్ట్రేషను ఫ్రీ.
లోను. లోను. నీ పేరుకు కారు తగిలింది.
ఆ పల్లేరుకాయల నడాన ఒకే ఒక్క గింజ:
గురువారం పత్తి తీసుకొని రమ్మని పిలుపు.
గురువారం పోయి రెండు దినాలు.

టీ తెచ్చిన మాబాషా అన్నాడు,
"చట్టం ఉందంటనే అన్నా, నంబరుకు పంపిస్తే ఆగిపోతాయంట."
ఉంది. నేనూ పంపించి చూసినా.
ఎవుడు, ఏ తేదీ, ఏం రాసినాడు.
ముల్లు గుచ్చుకున్నోడే
ముల్లు పేరు, ముల్లు ఇంటిపేరు రాసియ్యాల.
చల్లినోడు మాత్రం ఒకే మాట అంటాడు,
"మీరే ఒప్పుకున్నారు గదా."

ఉరుకుందప్ప ఎప్పుడు ఒప్పుకున్నాడు?
నాకు తెలుసు.
నాలుగేండ్ల కింద, కరెంటు బిల్లు కట్టలేని నెల,
ప్లాట్లాయన మూడువేల కరపత్రాల ఆర్డరిచ్చి
కౌంటరు మీద నోటుబుక్కు అడిగినాడు.
అర్జీ రాయించుకున్నోళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు.
జిరాక్సు నేనే తీసిచ్చినా.
పేజీకి రూపాయి గూడా తీసుకోలా.
ఒక పేజీ అడుగున ఉరుకుందప్ప ఏలిముద్ర,
పత్తిచేను మన్ను రంగులో.

"ఎంతియ్యాల?"
"ఏం వద్దు."
"మంచోనివి సామీ."

కోడు తెరిచిపెట్టాల, నలుగురూ చూడాల అని
సందంతా వినేట్ల చెప్పేవాణ్ణి.
నోటుబుక్కు మాత్రం కీబోర్డు ట్రే వెనక
అట్లే మూసుండాది.

ఆయప్ప పోయినాక "దస్త్రం" నొక్కినా.
కొత్తది.
అర్జీలు రాసి రాసి అలవాటైన చెయ్యి
"గౌరవనీయులైన ఉరుకుందప్ప గారికి" అని కొట్టి
నిలబడిపోయింది.

ఆయనకు చదవను రాదు.
చదివి చెప్పాల్సింది నేనే.